లోగో సరే, మలుపు ఎక్కడ?

డిజైన్ మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సైకిల్ చుట్టూనే తిరిగాయి. కొందరు సైకిల్‌వాళ్లకు దారి చూపే యాప్ తయారు చేస్తున్నారు, కొందరు అలాంటివి వాడి విసిగిపోయారు. నేను ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లే మనిషిని కాబట్టి చోటంతా వీటికే ఇచ్చేశాను. జవాబుల్లో ఎక్కడైనా పక్షపాతం కనిపిస్తే కారణం అదే.

ప్రశ్న: అక్కా, నేనూ నా స్నేహితుడూ కలిసి సైకిల్ నావిగేషన్ యాప్ ఒకటి చేస్తున్నాం. పెద్ద వాహనాలు తిరిగే రోడ్లు తప్పించి, కాస్త చుట్టు తిరిగైనా ప్రశాంతమైన దారి చూపించడం మా ఉద్దేశం. లోగోలో సైకిల్ చక్రం, దాని మధ్యలో లొకేషన్ పిన్, పిన్ లోపల చిన్న ఆకు పెట్టాం. రంగు ఆకుపచ్చ. చూసినవాళ్లంతా బాగుందనే అంటున్నారు. కానీ మిగతా యాప్‌ల మధ్య పెడితే మాది ఎక్కడుందో మేమే వెతుక్కోవాల్సి వస్తోంది. ఏం మార్చమంటారు?

జవాబు: మీరు పంపిన బొమ్మ చూశాను. గీత శుభ్రంగా ఉంది, చేయి తిరిగినవాళ్లే. ఇబ్బందల్లా అందులో మూడు బొమ్మలుండటం, ఆ మూడూ ఊరందరి దగ్గరా ఉన్నవే కావడం. చక్రం చూస్తే సైకిల్ అని, పిన్ చూస్తే మ్యాప్ అని, ఆకు చూస్తే పర్యావరణం అని తెలుస్తుంది. మీది ఏ రకం యాపో తెలిసింది. మీరెవరో తెలియలేదు.

ముందు కొలతల సంగతి. ఆపిల్ స్టోర్‌కి 1024 పిక్సెళ్ల చదరం, గూగుల్ ప్లేకి 512 పిక్సెళ్ల చదరం పంపాలి. గీసేటప్పుడు మన కళ్ల ముందుండేది ఆ పెద్ద బొమ్మే, వాడేవాళ్లకు కనిపించేది మాత్రం వేలిగోరంత. ఆండ్రాయిడ్‌లో ఇంకో మెలిక ఉంది. ఐకాన్‌ని 108 యూనిట్ల చదరంలో గీయాలి. ఒక్కో ఫోన్ దాన్ని ఒక్కోలా కత్తిరిస్తుంది, గుండ్రంగా ఒకటి, మూలలు నున్నగా ఇంకొకటి. ఎలా కత్తిరించినా పోదు అని నమ్మగలిగింది మధ్యలోని 66 యూనిట్ల వలయమే. మీ చక్రం అంచు ఆ వలయం దాటిపోయింది. ఇక నోటిఫికేషన్ పట్టీలో రంగులే ఉండవు, ఒట్టి తెల్లటి ఆకారం. మీ లోగోని ఒకే రంగుతో నింపి, 24 పిక్సెళ్లకు కుదించి చూడండి. చక్రం చువ్వలూ పిన్నూ ఆకూ కలిసిపోయి చొక్కా బొత్తాం మిగులుతుంది.

ఆకు తీసేయండి. పిన్ కూడా. అసలు వస్తువు మీ ఉత్తరంలోనే ఉంది: పెద్ద రోడ్డు నుంచి పక్కకు ఒదిగి, కాస్త తిరిగి, ముందుకెళ్లి మళ్లీ కలిసే దారి. అదొక్కటే ఒక మందపాటి గీతగా గీయండి. ఎంత చిన్నదైనా చెక్కుచెదరదు. యాప్ తెరుచుకునేటప్పుడు ఆ గీతే కదలొచ్చు, మ్యాప్ మీద దారిగా సాగొచ్చు, టోపీ మీద కుట్టించుకోవచ్చు.

రంగు విషయంలో నాది కొంచెం మొండి అభిప్రాయం. మ్యాపుల్లో పార్కులూ అడవులూ ఆకుపచ్చగా ఉంటాయి. మీ దారి గీత కూడా అదే రంగైతే, పార్కులోకి అడుగు పెట్టగానే మాయమవుతుంది. మీలాంటి యాప్ మనుషుల్ని పంపేదే పార్కుల మీదుగా కదా! పోనీ నీలం అంటే చెరువులూ కాలువలూ ఉన్నాయి. ఎరుపు చూస్తే ట్రాఫిక్ ఆగిపోయిందేమో అనుకుంటారు. పసుపు, నారింజ చాలా మ్యాపుల్లో పెద్ద రోడ్లవి. ఖాళీగా మిగిలింది వంగపండు రంగుకీ గులాబీకీ మధ్య ఉండే మెజెంటా. విమానాల కాక్‌పిట్ తెరల మీద వెళ్లాల్సిన దారిని మెజెంటా రంగులో చూపించేది ఊరికే కాదు. ఆ గీతకు రెండు వైపులా సన్నటి ముదురు అంచు కూడా వేయండి, మ్యాప్ ఏ రంగులో ఉన్నా విడిగా తేలుతుంది. లోగో రంగూ దారి రంగూ ఒకటే అయి తీరాలని రూలేం లేదు. ఆకుపచ్చ మీద అంత ప్రేముంటే లోగో వరకు ఉంచుకోండి.

ప్రశ్న: నేను ప్రోగ్రామర్‌ని. మా సైక్లింగ్ యాప్‌లో ప్రయాణం మొదలయ్యాక వచ్చే స్క్రీన్ మీద మా టీమ్‌లో గొడవ తెగడం లేదు. సర్వే పెడితే వాడేవాళ్లు వేగం, దూరం, క్యాలరీలు, గుండె వేగం, వాతావరణం, స్నేహితులు ఎక్కడున్నారో అన్నీ కావాలన్నారు. మ్యాప్ ఎలాగూ ఉండాలి. వీటన్నిటినీ ఎలా సర్దాలి?

జవాబు: కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే ఎవరైనా అన్నీ కావాలంటారు. సైకిల్ మీద ఉన్నప్పుడు అడిగితే "ఎటు?" అని ఒక్క మాట అంటారు.

చిన్న లెక్క వేద్దాం. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు ఐదున్నర మీటర్లు. రెండు సెకన్లు తెర వంక చూస్తే 11 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2013లో కార్లలోని తెరల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కో చూపు రెండు సెకన్లు, మొత్తం పని 12 సెకన్లు దాటకూడదని అందులో ఉంది. అది నాలుగు చక్రాల మీద, చుట్టూ ఇనుప డొక్కు ఉన్నవాళ్ల సంగతి. గుంతలు తప్పించుకుంటూ, బ్యాలెన్స్ చూసుకుంటూ వెళ్లేవాళ్లకు నేనైతే ఒక్క సెకనే ఇస్తాను.

ఆ సెకనులో బుర్రకెక్కేవి రెండు: ఎటు తిరగాలి, ఎంత దూరంలో. మూడోది కావాలంటే తిరిగాక వచ్చే వీధి పేరు. తెరలో పై సగమంతా బాణానికి ఇచ్చేయండి. అది కూడా ఒక అచ్చులో పోసిన బాణం వద్దు. జంక్షన్ ఎలా ఉంటే అలాగే గీయాలి. ఐదు దారులు కలిసే చోట "కొంచెం ఎడమ", "పూర్తి ఎడమ" పక్కపక్కనే ఉంటాయి. అక్కడ మిగతా నాలుగు దారుల్నీ సన్నటి బూడిద గీతలుగా చూపించి, వెళ్లాల్సిన దాన్ని మందంగా వేస్తేనే తేడా తెలుస్తుంది. ఒక మలుపు తిరిగీ తిరగ్గానే ఇంకోటి ఉంటే, పెద్ద బాణం పక్కన చిన్న బాణం ముందే కనిపించాలి. లేకపోతే తిరిగి, తల పైకెత్తేలోపు రెండోది దాటిపోతుంది.

అంకెల దగ్గర దయ చూపించండి. "187 మీటర్లు, 183, 179" అని క్షణక్షణం మారే అంకె కంటిని పట్టి లాగుతుంది. పైగా అందులో నిజం తక్కువ. పైన ఆకాశం తెరుచుకుని ఉన్న చోట కూడా ఫోన్ జీపీఎస్ సుమారు ఐదు మీటర్లు అటూ ఇటూగా చెబుతుంది, ఎత్తైన భవనాల మధ్య ఇంకా తప్పుతుంది. 200 మీటర్లు దాటితే యాభైల్లో, లోపైతే పదుల్లో చూపించండి. చివరి 30 మీటర్లలో అంకె పూర్తిగా తీసేసి నిండుతూ వచ్చే పట్టీ ఒకటి పెట్టండి, చాలు. నాలుగు కిలోమీటర్లు నేరుగా పోయే రోడ్డైతే ఆ సంగతి ఒకసారి చెప్పి తెర వెలుతురు తగ్గించేయండి. బ్యాటరీ మిగులుతుంది, మనిషికీ ప్రాణం హాయిగా ఉంటుంది.

2015లో లండన్‌కు చెందిన బీలైన్ సంస్థ, జనం తలా కొంత వేసి కొత్త వస్తువులకు పెట్టుబడి పెట్టే కిక్‌స్టార్టర్ సైట్‌లో డబ్బు పోగుచేసి ఒక చిన్న గుండ్రటి పరికరం తెచ్చింది. హ్యాండిల్ మీద పెట్టుకుంటే గమ్యం ఏ దిక్కున ఉందో ఒక బాణం, ఎంత దూరమో ఒక అంకె. మ్యాపే లేదు. అంత నిగ్రహం అందరికీ కుదరదు, ప్రతి ప్రయాణానికీ సరిపోదు కూడా. కానీ మీ టీమ్‌లో గొడవ ముదిరినప్పుడు దాన్ని తలుచుకోండి.

మరి సర్వేలో జనం అడిగినవన్నీ? సైకిల్ ఆగినప్పుడు చూపించండి. వేగం పడిపోయి సున్నాకి రాగానే బాణం పైకి జరిగి, మ్యాపూ క్యాలరీలూ బటన్లూ వచ్చేయాలి. కదలగానే వాటంతటవే తప్పుకోవాలి. సిగ్నల్ దగ్గర నిలబడ్డవాళ్లు చదువుకుంటారు, వాళ్లకు టైముంది. బటన్ల సైజు చెప్పాలంటే, ఆపిల్ 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ 48 యూనిట్లు ఉండాలంటుంది. రెండోది దాదాపు 9 మిల్లీమీటర్లు. అది స్థిరంగా కూర్చున్న మనిషి వేలికి. గతుకుల్లో వేలు ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. గ్లవుజులుంటే టచ్ పనిచేయకపోవచ్చు, వానచుక్క పడితే ఎవరూ ముట్టుకోకుండానే పనిచేస్తుంది. అందుకే కదిలేటప్పుడు ఒకే బటన్, తెర కింది సగమంత.

ఒక మాట అడగలేదు గానీ చెబుతాను. దారి తప్పినప్పుడు మీ యాప్ ఏం చేస్తుంది? నేను కొంతకాలం వాడిన యాప్ ఒకటుంది, పేరెందుకులెండి. రోడ్డు తవ్వేశారని పక్క సందులోకి తిరిగితే చాలు, తెరంతా ఎర్రగా చేసి "యూ టర్న్ తీసుకోండి" అని అరిచేది. ఎర్రబడటానికి నేను చేసిన నేరమేమిటో! సైకిల్ మీద దారి మారేది చాలాసార్లు పొరపాటున కాదు. గుంత, కుక్క, చెట్టు నీడ, మంచినీళ్లు, కారణం ఏదైనా కావచ్చు. యాప్ కాసేపు నోరు మూసుకుని ఉండాలి, అదే దిక్కుగా వెళ్తూ కలిసే కొత్త దారి వెతకాలి, దొరికాక మామూలు గొంతుతో తర్వాతి మలుపు చెప్పాలి. మీ బ్రాండ్ పుస్తకంలో "స్నేహపూర్వకం" అని రాసుకుని ఉంటారు, అందరూ రాసుకుంటారు. ఆ మాట నిజమో కాదో ఇక్కడ తేలుతుంది. ఆ స్క్రీన్ మీద లోగో మాత్రం పెట్టకండి, మూలన చిన్నదైనా సరే.

ప్రశ్న: డార్క్ మోడ్ మంచిదా, లైట్ మోడా? మా డిజైనర్‌కి నలుపంటే పిచ్చి.

జవాబు: పగలు తెలుపు మీద నలుపు, రాత్రి నలుపు మీద తెలుపు. మిట్టమధ్యాహ్నం ఎండలో నల్లటి స్క్రీన్ అద్దమైపోతుంది, అందులో మీ ముఖం, వెనక ఆకాశం తప్ప ఏమీ కనబడవు. అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ఎండలో వాడేదానికి 7:1 పెట్టుకోండి. ఆ రోజు సూర్యోదయ, సూర్యాస్తమయాల్ని బట్టి దానంతటదే మారితే మేలు. సొరంగంలోకి వెళ్లగానే నల్లబడి, బయటికి రాగానే తెల్లబడే తెలివి మాత్రం వద్దు, కళ్లు చెదురుతాయి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా యాప్‌కి తెలుగు కూడా చేరుస్తున్నాం. గొంతు, అక్షరాలు రెండూ. ఇంగ్లిష్‌కి తయారుచేసిన స్క్రీన్‌లో తెలుగు వేస్తే ఇరుకుగా, ఏదో అతుకు వేసినట్టుగా ఉంది. గొంతు కూడా వినేలోపే మలుపు దాటిపోతోంది అంటున్నారు.

జవాబు: అక్షరాల సంగతి తేలిక. మన లిపికి పైన గుడులూ కింద ఒత్తులూ ఉంటాయి. ఇంగ్లిష్ వరుసకి సరిపోయే ఎత్తులో పెడితే "స్ట్రీట్"లో ఒత్తు సగం తెగుతుంది, లేదా కింది వరుస మీదికెక్కుతుంది. వరుసల మధ్య దూరం పెంచండి, అక్షరం సైజు కూడా ఇంగ్లిష్ కంటే ఒక మెట్టు పెంచండి. గుండ్రటి అక్షరాలు మరీ బోల్డ్ చేస్తే లోపలి ఖాళీలు పూడుకుపోయి, ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ పోలిక వచ్చేస్తుంది. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్‌లో మధ్యస్థం మందం బాగుంటుంది. రామభద్ర లాంటి ఫాంట్లు పోస్టర్ మీద అద్భుతంగా ఉంటాయి, దారి చెప్పే చోట మాత్రం బరువు. వీధి పేరు పట్టకపోతే రెండో వరుసలోకి దింపండి. చుక్కలు పెట్టి తెంపేస్తే ఒకే పేరుతో మొదలయ్యే రెండు వీధుల్లో ఏదో తెలియదు.

గొంతు దగ్గరే అసలు పని ఉంది. మీరు పంపిన ఆడియోలో "దయచేసి రెండు వందల మీటర్ల తరువాత ఎడమ వైపునకు మరలండి" అని ఉంది. అంతసేపు వింటే ముఖ్యమైన మాట చివరికి వస్తుంది, అప్పటికి పక్కనుంచి ఓ బస్సు హారన్ కొట్టి ఉంటుంది. రోడ్డు మీద ఒకరికొకరు దారి ఎలా చెబుతారో అలా రాయండి: "ఎడమకి. రెండొందల మీటర్లలో." దగ్గరికొచ్చాక "ఇదే, ఎడమకి." అంతే. "దయచేసి" తీసేస్తే మర్యాద తగ్గదు, అది గొంతులో ఉంటే సరిపోతుంది. మాటకు ముందు చిన్న గంట మోగించండి, చెవి సిద్ధమవుతుంది. ఎడమకి ఒక గంట, కుడికి రెండు గంటలు అని పెడితే కొన్నాళ్లకు మాట అవసరం కూడా తగ్గుతుంది.

ఇయర్‌ఫోన్లు పెట్టుకోమని మీ యాప్ సలహా ఇస్తోంది, అది తీసేయండి. వెనక వచ్చే బండి చప్పుడు వినిపించాలి. ఫ్రాన్స్‌లో 2015 నుంచి సైకిల్ తొక్కుతూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం చట్టరీత్యా నిషేధం. ఫోన్ స్పీకర్లో వినబడేలా గొంతు తయారుచేయండి.

ప్రశ్న: నేను యాప్ చేసేవాణ్ని కాదండీ, వాడేవాణ్ని. వయసు అరవై దాటింది. దారి ఎంత ఎత్తు ఎక్కాలో ముందే చెప్పే యాప్ ఒకటి వాడుతున్నాను. చదునైన వంతెన మీద కూడా పెద్ద కొండ ఉన్నట్టు చూపించి భయపెడుతుంది. ఎందుకలా?

జవాబు: మీ మోకాళ్లు చెప్పేదే నిజం సార్. చాలా యాప్‌లు నేల ఎత్తుల లెక్క కోసం వాడే డేటాలో ఒకటి 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది. సుమారు 30 మీటర్లకు ఒక కొలత. అందులో నది లోయ ఉంటుంది గానీ, దాని మీద వంతెన ఉందని ఆ లెక్కకు తెలియదు. దాంతో యాప్ మిమ్మల్ని నీళ్లలోకి దింపి, అవతలి గట్టు ఎక్కిస్తుంది. సొరంగమైతే కొండ మీదుగా తీసుకెళ్తుంది.

దీనికి మందు ఉంది, తయారుచేసేవాళ్లు కూడా వినాలి. 2004లో మొదలై, ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వంతెనకు వంతెన అని, సొరంగానికి సొరంగం అని గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న చోట ఈ చివరి ఎత్తుకీ ఆ చివరి ఎత్తుకీ మధ్య నేరుగా గీత గీస్తే సరి. (ఆ మ్యాప్ వాడేవాళ్లు దాని పేరు కనబడేలా వేయాలి. లైసెన్స్ షరతు అది. డిజైన్ పాడవుతుందని దాచేసేవాళ్లను చూశాను, పద్ధతి కాదు.)

ఎత్తు చూపించే తీరులోనూ లోపం ఉంది. "మొత్తం 100 మీటర్ల ఎక్కుడు" అంటే ఏమీ అర్థం కాదు. అది పది కిలోమీటర్లలో వస్తే 1 శాతం, తెలియనే తెలియదు. ఒక్క కిలోమీటరులో వస్తే 10 శాతం, చాలామంది దిగి నడిపిస్తారు. మొత్తం కంటే అన్నిటికన్నా నిటారుగా ఉన్న ముక్క ఎక్కడ, ఎంత పొడవు అన్నది చెప్పాలి. తేలికకు ఆకుపచ్చ, కష్టానికి ఎరుపు వేసి ఊరుకోకూడదు. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఆ రెండు రంగుల తేడా సరిగా తెలియదు. "దిగాల్సి రావచ్చు" అని రెండు మాటలు రాస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ప్రశ్న: ప్రయాణాలు యాప్‌లో భద్రపరిచి పదిమందితో పంచుకునే సౌకర్యం పెడుతున్నాం. ప్రైవసీ అంటే భయంగా ఉంది.

జవాబు: ఆ భయం పోగొట్టుకోకండి. పరుగులూ సైకిల్ ప్రయాణాలూ నమోదు చేసుకునే యాప్ స్ట్రావా 2017 నవంబరులో అందరి ప్రయాణాల్నీ కలిపి ఒక వెలుగుల మ్యాప్ విడుదల చేసింది. పేర్లేమీ లేవు. అయినా 2018 జనవరికల్లా ఎడారుల మధ్య సైనిక స్థావరాల్లో జనం పరుగెత్తిన దారులు అందులో మెరుస్తున్నాయని బయటపడింది. మీరు పంచుకోవడాన్ని మొదట ఆపి ఉంచండి, కావాలన్నవాళ్లే తెరుచుకుంటారు. పంచుకున్నప్పుడు కూడా మొదటి, చివరి కొన్ని వందల మీటర్లు కత్తిరించండి. ఎక్కడ తెగుతుందో మ్యాప్ మీద ముందే చూపించాలి. ఎప్పుడూ ఒకే దూరం కత్తిరిస్తే, నాలుగు ప్రయాణాలు కలిపి చూసి ఇల్లు ఎక్కడో లెక్కగట్టేస్తారు.

ప్రశ్న: ఫోన్ చూడటమే ఇష్టం లేని సైకిల్‌వాళ్లకు యాప్ ఏం చేయగలదు?

జవాబు: చాలా చేయగలదు. బెల్జియంలోని లింబర్గ్‌లో 1995లో సైకిల్ దారుల కూడళ్లకు నంబర్లు ఇచ్చారు. గని సొరంగాల్లో కూడళ్లకు నంబర్లు వేసే పద్ధతి నుంచి వచ్చిందా ఆలోచన. ప్రతి కూడలిలో గుర్తుబోర్డు మీద ఆ నంబరు, పక్కనున్న కూడళ్లకు బాణాలు. వెళ్లాల్సిన నంబర్లు ఓ కాగితం మీద రాసుకుంటే చాలు, ఫోన్‌తో పనిలేదు. తర్వాత ఈ పద్ధతి నెదర్లాండ్స్‌కీ పాకింది. అలాంటి ఏర్పాటున్న చోట యాప్ ఆ వరుసను పెద్ద అంకెలతో ఒక్క పేజీలో ప్రింట్ చేసిచ్చినా గొప్పే.

ప్రశ్న: మా ట్యాగ్‌లైన్ "మీ దారి, మా తోడు". ఎలా ఉంది?

జవాబు: బాగుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా సరిపోతుంది, బస్సుల కంపెనీకీ సరిపోతుంది. మీరు తప్ప ఇంకెవరూ అనలేని మాట దొరికేదాకా ట్యాగ్‌లైన్ లేకుండా ఉండండి.

ప్రశ్న: కోడ్ రాయకముందే స్క్రీన్లు పనిచేస్తాయో లేదో పరీక్షించడం ఎలా? మా దగ్గర డబ్బు లేదు, ల్యాబ్ లేదు.

జవాబు: గీసిన స్క్రీన్లను ఫోటోలుగా ఫోన్‌లో వరుసగా పెట్టండి. ఆ దారి తెలియని స్నేహితుడి సైకిల్‌కి ఫోన్ బిగించండి. స్క్రీన్లు ముందుకు నెట్టే పని అతనికి పెట్టకండి, మీరు వెనక వస్తున్న ఇంకో సైకిల్ మీద కూర్చుని, ఆగినప్పుడల్లా మార్చండి. అతను ఎటు తిరిగాడన్నదే కాదు, తిరిగే ముందు ఎన్నిసార్లు తల దించాడో చూడండి. ఒక మలుపుకి మూడుసార్లు దించితే ఆ స్క్రీన్ మళ్లీ గీయాల్సిందే. మిట్టమధ్యాహ్నం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చేయండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు, స్నేహితుడు కదా, బాగుందంటాడు. ఫోన్ మూసేసి "తర్వాత ఎటు తిరగాలి?" అని అడగండి. మొదటి రోజు మాత్రం బండ్లు తిరగని ఖాళీ చోట మొదలుపెట్టండి, పాపం అతను చూడబోయేది మీరు ఇంకా సరిచేయని స్క్రీన్లని.